ఫ్రిజ్ డోర్ రబ్బరు, రెండో పాఠం: మార్చే ముందు కాపడం పెట్టి చూద్దాం

గత పాఠంలో తలుపు చుట్టూ కాగితం ముక్క పెట్టి లాగుతూ, పట్టులేని చోట్ల పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాం. ఈసారి ఆ చోట్లను సరిచేద్దాం. కొత్త రబ్బరు కొనడం తర్వాతి సంగతి.

ముందు ప్లగ్ తీసేయండి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, పాత టూత్‌బ్రష్ ముంచండి. రబ్బరు మడతను బొటనవేలితో విప్పితే లోపల పాల మరకలు, పచ్చడి నూనె, నల్లటి బూజు కనిపిస్తాయి. అదంతా తోమేయండి. రబ్బరు ఆనే ఫ్రిజ్ అంచునూ తుడవాలి, అక్కడ ఎండిన పాకమో జ్యూసో ఉంటే తలుపు తీసినప్పుడల్లా రబ్బరును పట్టి లాగుతుంది. థిన్నర్, పెట్రోల్, యాసిడ్ మాత్రం వద్దు, రబ్బరు మెత్తదనం పోతుంది. పొడిగుడ్డతో తుడిచి మళ్లీ కాగితం పెట్టి చూడండి. కొన్ని గుర్తులు ఇక్కడే చెరిపేయొచ్చు.

మిగిలినవి వంగిపోయిన చోట్లు. రబ్బరు లోపల సన్నని అయస్కాంతపు పట్టీ ఉంటుంది. తలుపును ఫ్రిజ్‌కు అంటిపెట్టేది అదే. రబ్బరు బిగుసుకుపోయి లోపలికి ముడుచుకుంటే ఆ పట్టీ ఇనుము దాకా చేరదు. పట్టేసిన నడుముకు పెట్టినట్టే దీనికీ కాపడం పెట్టాలి. చెయ్యి ఓర్చుకునేంత వేడినీళ్లలో తువ్వాలు ముంచి, గట్టిగా పిండి, వంగిన చోట రెండు మూడు నిమిషాలు అదిమి పట్టండి. రబ్బరు మెత్తబడగానే అంచును వేళ్లతో బయటికి, మామూలు కంటే కొంచెం ఎక్కువగానే లాగండి. వెంటనే తలుపు మూసి, ఆ చోట వెడల్పు టేపు అంటించి, ప్లగ్ పెట్టేయండి. ఆ రాత్రికి తెరవకండి. మూసిన స్థితిలోనే చల్లారితే రబ్బరు ఆ ఆకారానికి వస్తుంది. హెయిర్ డ్రయ్యర్ అయితే జానెడు దూరంలో, ఒకేచోట ఆపకుండా తిప్పుతూ వాడండి. ఒకేచోట వేడి తగిలితే తలుపు లోపలి ప్లాస్టిక్ వంకర పోతుంది.

బందుల వైపు రబ్బరు రాసుకుంటూ మెలిపడుతుంది. అక్కడ వాజలిన్ పలచగా రాస్తే చాలు.

ఇల్లు మారాకే ఈ సమస్య మొదలైతే ఫ్రిజ్ ముందు కాళ్లు చూడండి. అవి వెనకవాటి కంటే కాస్త ఎత్తుగా ఉండాలి, సగం తెరిచి వదిలిన తలుపు తనంతట తానే మూసుకోవాలి. ఆ కాళ్లను తిప్పి ఎత్తు సరిచేయొచ్చు.

చల్లదనం తగ్గగానే "గ్యాస్ అయిపోయింది" అనే మాట వినిపిస్తుంది. గ్యాస్ మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది, లీకు లేనిదే తగ్గదు. రబ్బరు చూసుకోకుండా గ్యాస్‌కు డబ్బు కట్టకండి. అందులోనూ వానాకాలంలో సందులోంచి దూరిన తేమే ఫ్రీజర్‌లో మంచుగడ్డ కడుతుంది.

మూల చిరిగినా, మడతలో పగులు వచ్చినా కాపడంతో పని జరగదు. సిలికాన్‌తో అతికితే ఆ చోటు గట్టిపడి మళ్లీ సందు వస్తుంది. మార్చడమే దారి.

వచ్చే పాఠానికి రెండు పనులు చేసి ఉంచండి. ఫ్రిజ్ లోపలి గోడ మీది స్టిక్కర్‌లో మోడల్ నంబర్ రాసుకోండి. రబ్బరు లోపలి అంచు ఎత్తి, కింద స్క్రూలు ఉన్నాయో, లేక రబ్బరు గాడిలో దూరి ఉందో చూడండి. విప్పే పద్ధతి దాన్నిబట్టే మారుతుంది.