చవక పెన్ టాబ్లెట్‌లో సున్న గుండ్రంగా రావాలంటే

కంప్యూటర్‌కి తగిలించి పెన్నుతో గీసే, తెర లేని చిన్న టాబ్లెట్ కొన్న మొదటి వారంలో గీతలు వంకరపోతే తప్పు చేతిదే అనుకుంటారు. చాలాసార్లు అది సెట్టింగుల తప్పు. వాకామ్ సీటీఎల్-472నే తీసుకోండి: గీసే జాగా 152 × 95 మిల్లీమీటర్లు, ప్రెషర్ (పెన్ను నొక్కే బలం) స్థాయిలు 2048. బొమ్మలకూ తెలుగు అక్షరాల డిజైన్‌కూ ఇది చాలు.

పాత టాబ్లెట్ డ్రైవర్ (టాబ్లెట్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటే ముందు తీసేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, అప్పుడు కొత్తది వేయండి. రెండు కంపెనీల డ్రైవర్లు కలిసి ఉంటే కర్సర్ కదులుతుంది కానీ ప్రెషర్ పోవచ్చు. కర్సర్ కదిలింది కదా అని నమ్మకండి. డ్రైవర్ లేకపోయినా కదులుతుంది.

ఇప్పుడు ఒక సున్న గీయండి. అది అడ్డంగా సాగి కోడిగుడ్డులా వస్తుంది. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి మీ మానిటర్‌కి 16:9, టాబ్లెట్‌కి 16:10 కావడమే కారణం. గీసినదంతా దాదాపు 11 శాతం వెడల్పవుతుంది. గుండ్రటి మలుపులమీదే నడిచే మన లిపికి ఇది పెద్ద దెబ్బ. డ్రైవర్ మ్యాపింగ్‌లో (టాబ్లెట్ జాగాను తెరకు జతచేసే చోట) ‘ఫోర్స్ ప్రొపోర్షన్స్’ టిక్ పెట్టండి. ఎత్తులో 85.5 మిల్లీమీటర్లే పనిచేస్తాయి, మిగతా పట్టీ వృథా. పోతే పోనివ్వండి. రెండు మానిటర్లుంటే ఒక్కదానికే మ్యాప్ చేయాలి.

పెన్ను ఆనించి ఆగినప్పుడు చిన్న వలయం కనబడి గీత ఆలస్యంగా మొదలవుతుంటే, విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో ‘పెన్ అండ్ టచ్’ తెరిచి ‘ప్రెస్ అండ్ హోల్డ్’ ఆపేయండి.

ఉచితంగా దొరికే బొమ్మల ప్రోగ్రామ్ క్రిటాలో టాబ్లెట్ సెట్టింగ్స్‌కి వెళ్లి టెస్టర్ నొక్కి చూడండి. ప్రెషర్ అందకపోతే అక్కడే పెన్ను సంకేతాలు అందుకునే పద్ధతిని విన్‌టాబ్ నుంచి విండోస్ పాయింటర్ ఇన్‌పుట్‌కి, లేదా అటునుంచి ఇటు మార్చి, క్రిటా మూసి తెరవండి. ఫొటోషాప్ మామూలుగా విండోస్ ఇంక్‌నే (విండోస్ సొంత పెన్ను పద్ధతి) ఆశిస్తుంది. డ్రైవర్‌లో విండోస్ ఇంక్ టిక్ తీసేస్తే గీతంతా ఒకే మందంలో వస్తుంది. మెల్లగా తాకినా లావుగా పడుతుంటే డ్రైవర్‌లో ‘టిప్ ఫీల్’ను గట్టివైపు జరపండి.

టాబ్లెట్ పక్కకు తిప్పి వంకరగా పెడితే అడ్డగీతలన్నీ వాలిపోతాయి. దాని అంచు మానిటర్‌కి సమాంతరంగా ఉండాలి, చూపు తెరమీదే ఉండాలి. ఆరంగుళాల్లో తెరంతా ఇమిడి ఉంది కాబట్టి మణికట్టు కాస్త కదిలినా గీత దూరం పోతుంది. సన్న పనికి జూమ్ చేయండి. కాన్వాస్ ఏ4కి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), అంటే 2480 × 3508 పిక్సెళ్లు.

స్టెబిలైజర్ (చేతి వణుకును సరిచేసే సదుపాయం) ఇంకింగ్‌కి, అంటే స్కెచ్ మీద తుది గీతలు వేయడానికి, బాగుంటుంది; స్కెచ్‌కి వద్దు. గీత చేతి వెనక ఈడ్చుకుంటూ వస్తుంది, కొమ్ములాంటి చిన్న మలుపులు మొద్దుబారతాయి.

జారుడు తగ్గించడానికి పైన కాగితం అతికించవచ్చు, కానీ నిబ్ (పెన్ను మొన) త్వరగా అరుగుతుంది. ఒకవైపు చదునై అంచు పదునెక్కితే నిబ్ వెంటనే మార్చండి. ఆ అంచే టాబ్లెట్‌ మీద గీతలు పెట్టేది.