స్పెల్లింగ్ ఆటలు: ఏవి ఆడించాలి, ఎట్లా ఆడించాలి

కావలిలో మాది జిరాక్స్, నెట్ సెంటర్. పొద్దున నుంచి రాత్రి దాకా నా చేతి మీదుగా పోయే అప్లికేషన్లలో సగం గొడవ స్పెల్లింగ్‌దే. శ్రీనివాసులు పేరు చివర ఒక కాగితంలో యు ఉంటుంది, ఇంకో కాగితంలో ఉండదు. లక్ష్మి ఒకచోట ఎక్స్‌తో, ఇంకోచోట కే ఎస్ హెచ్‌తో. ఆ ఒక్క అక్షరం కోసం పెద్దవాళ్లు పనులు మానుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటారు. అందుకేనేమో, బడి వదిలాక మా వీధి పిల్లలు వచ్చి "మామా, గేమ్ పెట్టవా" అంటే నేను పెట్టేది స్పెల్లింగ్ ఆటే. మొదట మూతి ముడుస్తారు, పోటీ మొదలయ్యాక లేవమన్నా లేవరు.

నెట్‌లో వర్డ్ గేమ్స్ అని కొడితే వందల్లో వస్తాయి. ఏ ఆట అయినా నేను రెండు విషయాలు చూస్తా. పిల్లాడు అక్షరాలు సొంతంగా వేస్తున్నాడా, లేక చూపించిన నాలుగింట్లో ఒకటి నొక్కుతున్నాడా? నొక్కే ఆటతో మాటకి అర్థం తెలుస్తుందేమో గానీ స్పెల్లింగ్ రాదు. కళ్ల ముందున్న మాటని గుర్తుపట్టడం వేరు, తెల్ల కాగితం మీద రాయడం వేరు. రెండోది, ఆటలో మాటలు మనం పెట్టుకునే వీలుందా? ఎక్కడో కూర్చున్నవాళ్లు ఎంచిన మాటలు మన పిల్లాడికి ఇప్పటికే వచ్చినవైనా కావచ్చు, పదేళ్ల దాకా అవసరం పడనివైనా కావచ్చు.

కాబట్టి కంప్యూటర్ ఆన్ చేసే ముందు ఒక చిన్న నోట్‌బుక్ కొనండి. పిల్లాడి బడి పుస్తకాల్లో టీచరు ఎర్ర సిరాతో కొట్టేసిన మాటలన్నీ అందులోకి ఎక్కించండి. కాసేపు చూస్తే మీకే తెలుస్తుంది, మన పిల్లల తప్పులు చాలావరకు తెలుగు నోటి నుంచి వచ్చినవే. మనకి 'వ' ఒక్కటే, ఇంగ్లీషుకి వి, డబ్ల్యూ రెండున్నాయి. దాంతో వాటర్‌ని వి తో, వెరీని డబ్ల్యూతో మొదలుపెడతారు. జీబ్రాకి జెడ్ బదులు జె వేస్తారు. ఎగ్‌ని మనం 'యెగ్' అంటాం కదా, ముందు వై తగిలించే పిల్లలున్నారు. స్కూల్‌ని ఇస్కూల్ అనేవాళ్లు ముందు ఐ రాస్తారు. ఫోన్, ఫోటో ఎఫ్‌తో వస్తాయి. ఇవి కాక పలకని అక్షరాలు ఉండనే ఉన్నాయి: నైఫ్ ముందు కే, 'రాయడం' అనే అర్థమున్న రైట్‌కి ముందు డబ్ల్యూ, లిజన్ మధ్యలో టి.

ఈ తప్పుల్ని రకాలవారీగా విడదీసి, వారానికి ఒక రకం, పది మాటలు తీసుకోండి. పదికి మించొద్దు. ఈ వారం వి-డబ్ల్యూ అనుకుంటే ఆడే ప్రతి ఆటలోనూ ఆ పది మాటలే తిరగాలి.

ఇక ఆటలు. రెండో తరగతి నుంచి నాలుగో తరగతి లోపు పిల్లలకి నేను పెట్టేది టక్స్ టైపింగ్. ఉచితం, నెట్ అక్కర్లేదు, మూలన పడేసిన పాత కంప్యూటర్లో కూడా నడుస్తుంది. పై నుంచి చేపలు పడుతుంటాయి, ఒక్కో చేప మీద ఒక మాట. కింద పడేలోపు ఆ మాట తప్పు లేకుండా కొడితే పెంగ్విన్ పరిగెత్తుకొచ్చి చేపని మింగుతుంది. నెల్లూరు జిల్లా పిల్లలకి చేపల ఆట గురించి వేరే చెప్పాలా! "మామా, నా పెంగ్విన్ పస్తుంటాది, స్పీడు తగ్గించు" అని అరుస్తారు. మొదటిరోజు తగ్గించండి. కీబోర్డ్ మీద అక్షరాలు వెతుక్కోవడంతోనే సరిపోతే స్పెల్లింగ్ మీద ధ్యాస ఎక్కడుంటుంది?

ఇందులో నాకు నచ్చిన సౌకర్యం మాటల జాబితా. అది మామూలు టెక్స్ట్ ఫైలు. మొదటి వరుసలో జాబితా పేరు, ఆ కింద వరుసకో మాట, అంతే. మన పది మాటలూ పెట్టేసుకోవచ్చు. లోపం కూడా చెప్పాలి. మాట చేప మీద కనబడుతూనే ఉంటుంది, పిల్లాడు చూసి కొడతాడు. అందుకని ఆట అయిపోయిన వెంటనే స్క్రీన్ ఆపేసి, అవే మాటలు మీరు చదవండి, వాడు నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాయాలి. ఈ ఐదు నిమిషాలు ఎగ్గొడితే మిగిలేది టైపింగ్ ప్రాక్టీసే.

ఇంకా చిన్నవాళ్లుంటే జీకాంప్రీ (GCompris) అనే ఆటల ప్రోగ్రాం వేయండి. అదీ ఉచితమే, రెండేళ్ల నుంచి పదేళ్ల పిల్లలకని చేసింది. దాంట్లో బొమ్మ చూసి తప్పిపోయిన అక్షరం వెతికే ఆట ఉంది, బాగుంటుంది. గొంతుల ఫైళ్లు ఒకసారి దించుకుంటే ఆ తర్వాత నెట్ లేకున్నా పలుకుతుంది.

నా లెక్కలో స్పెల్లింగ్‌కి అన్నిటికన్నా మంచి ఆట హ్యాంగ్‌మన్. మాటలో ఎన్ని అక్షరాలుంటే అన్ని గీతలు మాత్రం కనబడతాయి, అక్షరాలు పిల్లాడి బుర్రలోంచి రావాలి. తప్పు అక్షరం చెప్పినప్పుడల్లా ఉరికొయ్య బొమ్మలో ఒక ముక్క పడుతుంది. మాట మనమే పెట్టి ఎదుటివాళ్లతో చెప్పించే ఇద్దరి హ్యాంగ్‌మన్ చాలా సైట్లలో ఉంది. అది కూడా వద్దంటే మీరు బయట ఉన్నప్పుడు వాట్సాప్‌లో గీతలు కొట్టి ఇంటికి పంపండి, పిల్లలు ఒక్కో అక్షరం అడుగుతూ వాళ్ల అమ్మ ఫోన్ నుంచి పెడతారు. ఉరికొయ్య బొమ్మ పిల్లలకెందుకని కొంతమంది తల్లులన్నారు, సబబే. మేము కొరమేను గీస్తాం. తప్పుకి ఒక ముక్క: తల, కన్ను, మొప్ప, రెక్క, ఒళ్లు, తోక. చేప పూర్తయితే ఓడినట్టు.

ఆడేటప్పుడు ఒక మెలకువ నేర్పండి. పిల్లలు ఎ నుంచి వరసగా అడుగుతూ పోతారు. ఇంగ్లీషులో ఎక్కువసార్లు వచ్చే అక్షరం ఇ. అక్షరాల బిళ్లలు పేర్చి మాటలు కట్టే స్క్రాబుల్ ఆట చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. దాన్ని తయారుచేసిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే అమెరికా ఆయన 1930లలో పేపరు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టాడు. అందుకే నూరు బిళ్లల్లో ఇ పన్నెండు ఉంటాయి, క్యూ, జెడ్ ఒక్కొక్కటే, వాటికి పదేసి పాయింట్లు. ఇది తెలిసిన పిల్లాడు ముందు అచ్చులు అడుగుతాడు, తర్వాత టి, ఎస్, ఆర్, ఎన్. క్యూ పడిందంటే పక్కన యు ఉంటుందని వాడే కనిపెడతాడు. ఈ పట్టు పరీక్షలో తెలియని మాట వచ్చినప్పుడు కూడా పనిచేస్తుంది.

వర్డిల్ ఐదో తరగతి దాటినవాళ్లకి. దాచిన ఐదక్షరాల మాట, కనిపెట్టడానికి ఆరు ప్రయత్నాలు. సరైన చోట పడితే పచ్చ, అక్షరం ఉండి చోటు తప్పితే పసుపు, లేకపోతే బూడిద రంగు. 2021లో జాష్ వార్డిల్ అనే ఆయన జనంలోకి వదిలాడు, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. రోజుకి ఒక్క మాటే కాబట్టి పిల్లాడు ఫోన్‌కి అతుక్కుపోయే బాధ లేదు. ఒక చిక్కుంది: అది అమెరికా స్పెల్లింగ్. కలర్‌కి మన బడి పుస్తకంలో యు ఉంటుంది, అక్కడ యు లేని ఐదక్షరాల కలర్ చెల్లుతుంది. ఈ తేడా ముందే చెప్పకపోతే పిల్లాడు బళ్లో టీచరుతో వాదనకి దిగుతాడు.

మాటల అర్థాలకి ఫ్రీరైస్ చాలు. 2007లో మొదలైన సైటు, ఇప్పుడు ఐక్యరాజ్యసమితి వాళ్ల ప్రపంచ ఆహార కార్యక్రమం నడుపుతోంది. సరైన జవాబు కొట్టిన కొద్దీ బియ్యపు గింజలు పోగవుతాయి, ఆ లెక్కన ప్రకటనలిచ్చేవాళ్ల డబ్బు ఆకలితో ఉన్నవాళ్లకి వెళుతుంది. వరుసగా సరిగ్గా చెబితే మాటలు కష్టమవుతాయి, తప్పితే తేలికవుతాయి. నాలుగింట్లో ఒకటి నొక్కే ఆటే, కాబట్టి స్పెల్లింగ్ ఆశించొద్దు.

ఫోన్‌లో ఆడించేవాళ్లు ముందు కీబోర్డ్ సంగతి చూడండి. రెండక్షరాలు కొట్టగానే పైన మాట మొత్తం అదే చూపిస్తుంటే ఇక పిల్లాడికి పనేముంది? కీబోర్డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి సలహాలు, ఆటో కరెక్షన్ రెండూ ఆపేయండి. నెట్ అక్కర్లేని ఆటైతే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఇవ్వండి, యాడ్స్ చాలావరకు రావు. పచ్చరంగు డౌన్‌లోడ్ బటన్ కనబడితే నొక్కేసే వయసు వాళ్లది. ముక్కూ మొహం తెలియనివాళ్లతో ఆడే స్క్రాబుల్ లాంటి వాటిలో చాట్ ఉంటే ఆపండి, ఆపే వీలు లేకపోతే ఆ ఆటే వద్దు.

తెలుగు విషయానికొస్తే టెన్షన్ ఇంకోరకం. ఇంగ్లీషు కోసం చేసిన పదవేట ఆటలో, అంటే గళ్లలో దాగిన మాటలు వెతికే ఆటలో, తెలుగు మాట పెడితే ముక్కలుముక్కలవుతుంది. 'అమ్మ' మన కంటికి రెండక్షరాలు. కంప్యూటర్ లోపల మాత్రం నాలుగు: అ, మ, పొల్లు, మళ్లీ మ. 'స్త్రీ' మనకి ఒక్క అక్షరం, దానికి ఆరు. అది గీసిన గళ్లలో వత్తు ఒకచోట, గుడి ఒకచోట పడి, ఉన్న తెలుగు కూడా పిల్లాడు మర్చిపోతాడు.

దీనికి నేను ఎక్సెల్ వాడతా, లిబ్రే ఆఫీసైనా ఒకటే. ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు గళ్లు తీసుకుని, గడికి ఒక పూర్తి అక్షరం చొప్పున వత్తుతో గుణింతంతో సహా మీరే కొట్టండి. మాటలు మన ఊళ్ల పేర్లయితే పిల్లలు ఎగబడతారు. ఉదయగిరి అడ్డంగా వేసి, వెంకటగిరి నిలువుగా దించి, 'గి' దగ్గర కలపండి. వెంకటగిరిలోని 'ట' మీదుగా బిట్రగుంట అడ్డంగా పోతుంది. జువ్వలదిన్నెలో 'ల' మీద సోమశిలని ముగించొచ్చు. సూళ్లూరుపేటకి 'ళ్లూ' ఒకే గడిలో పడాలి. ఆ ఒక్క గడి దగ్గర మా దుకాణంలో పెద్ద పంచాయితీయే జరిగింది, ఒకడు 'ళ్ళూ' అని, ఒకడు 'ల్లూ' అని. కోరుకునేది అదే, తగువు పడితే బోర్డు చూసి రమ్మని బస్టాండుకి పంపా.

మిగిలిన ఖాళీ గళ్లలో ఏదో ఒకటి నింపకుండా పిల్లలు తడబడే అక్షరాలే వేయండి: ణ, ళ, శ, ష. జవాబులు రంగు కొట్టి వేరే షీట్‌లో దాచుకోండి. ప్రింట్ ఇచ్చే ముందు గళ్లన్నీ సెలెక్ట్ చేసి బోర్డర్ పెట్టాలి, తెర మీద కనబడే సన్నగీతలు కాగితం మీదకి వాటంతట అవి రావు.