పరుగెత్తే దొంగను చేరే దారి వెతకడం: పాత వెతుకులాటను వాడుకునే పద్ధతి

కర్నూలులో కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల సందులను గడుల పటంగా మార్చి, అందులో దొంగను పోలీసు తరిమే ఆట రాయదలచిన విద్యార్థి సాధారణంగా అతి చిన్న దారిని వెతికే ఏ-స్టార్ పద్ధతితోనే మొదలుపెడతాడు. 1968లో హార్ట్, నిల్సన్, రఫేల్ ప్రకటించిన ఈ పద్ధతి కదలని గమ్యానికి చక్కగా సరిపోతుంది. అయితే దొంగ గడి మారిన ప్రతిసారీ మొదటి నుంచి వెతకడమంటే ఊడ్చిన వాకిలినే మళ్లీ మళ్లీ ఊడ్చడం. పటం చిన్నదైతే అలాగే కానివ్వండి, నష్టమేమీ లేదు.

పెద్ద పటానికి 2009లో సన్, యో, కోనిగ్ వివరించిన ఫ్రింజ్ రిట్రీవింగ్ ఏ-స్టార్‌ను వాడవచ్చు. ఇందులో పోలీసు గడి నుంచి దొంగ వైపుకే వెతకాలి. ప్రతి గడికీ మొదలు నుంచి దూరాన్ని, దాన్ని చేర్చిన తల్లి గడిని, దాన్ని విస్తరించామో లేదో (అంటే దాని పక్క గడులను పరిశీలించామో లేదో) తెలిపే గుర్తును దాచుకోవాలి. నాలుగు దిక్కుల కదలికకు, అడుగుకు ఒకటే ఖర్చయినప్పుడు, దొంగ ఇంకా ఎంత దూరంలో ఉన్నాడో చెప్పడానికి మన్‌హట్టన్ దూరం (అడ్డంగా, నిలువుగా ఉన్న గడుల తేడాల మొత్తం) తగిన అంచనా.

దొంగ కదలగానే, అతని కొత్త గడి ఇదివరకే విస్తరించినదైతే, అక్కడి నుంచి తల్లి గడుల వెంట వెనక్కి నడవండి. దారిలో పోలీసు ప్రస్తుతం ఉన్న గడి తగిలితే, కొత్తగా ఏమీ వెతకకుండానే అతి చిన్న దారి దొరికినట్టే. తగలకపోయినా, దొంగ గడి ఇంకా విస్తరించనిదైనా, పోలీసు గడి కింద వేలాడే కొమ్మను (అంటే తల్లి గడుల వెంట వెనక్కి వెళితే పోలీసు గడికి చేరే గడులను) మాత్రం ఉంచి, మిగతా గడుల దూరాలను అనంతానికి మార్చండి. ఉంచిన దూరాలు పాత మొదలు నుంచి కొలిచినవి; పోలీసు ఇప్పుడున్న గడి నుంచి కొలిచే దూరాల కంటే అన్నీ ఒకే మొత్తంతో ఎక్కువగా ఉంటాయి కనుక వాటిని సరిదిద్దనవసరం లేదు. తరువాత ఆ కొమ్మను ఆనుకుని, గోడలు కాని బయటి గడులతో ప్రయారిటీ క్యూను (ముందుగా చూడాల్సిన గడిని ముందు ఇచ్చే వరుసను) తిరిగి కట్టి, వెతుకులాటను అక్కడి నుంచి కొనసాగించాలి.

చాలామంది తప్పటడుగు వేసేది ఈ క్యూ దగ్గరే. దొంగ మారిన తరువాత పాత అంచనాలతో ఉన్న వరుసను అలాగే వదిలేస్తే, ప్రోగ్రామ్ ఆగకుండా నడుస్తూనే తప్పుదారి చూపిస్తుంది; అందుకే దొంగ కొత్త గడికి సంబంధించిన అంచనాతో ప్రతి గడి ప్రాధాన్యాన్నీ మళ్లీ లెక్కించాలి.

పరీక్షించేటప్పుడు ఇద్దరి వేగమూ సమానంగా పెడితే తరుముడు ముగియకపోవచ్చు కాబట్టి, దొంగను ప్రతి పదో అడుగులో ఆపండి. ఆట మధ్యలో సందులు మూసుకుపోయే అవకాశముంటే ఈ పద్ధతి చాలదు. అప్పుడు అదే ముగ్గురు 2010లో ప్రకటించిన మూవింగ్ టార్గెట్ డి-స్టార్ లైట్ అనే పద్ధతిని ఎంచుకోవాలి.