పాత భోజనాల బల్ల బాగుచేత, మూడో పాఠం: పాత పాలిష్ తీయడం

కిందటి పాఠంలో వదులైన కాళ్లు విప్పి, ఎండిపోయిన జిగురు గీకి, మళ్లీ బిగించుకున్నాం. అతుకుల దగ్గర బయటికి పొంగిన ఫెవికాల్ మరకలు అక్కడక్కడా కనిపిస్తూ ఉంటాయి. కంగారు పడకండి. కాళ్ల పని ముందు, పైపలక పని తరవాత పెట్టుకున్నది ఇందుకే. ఆ మరకలు ఇప్పుడు పాలిష్‌తో పాటే పోతాయి.

ఈ దశలో అందరి చెయ్యీ ఉప్పు కాగితం మీదికే పోతుంది. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. పాలిష్ ఉన్న పలకను రుద్దితే రాపిడి వేడికి ఆ పాలిష్ మెత్తబడి కాగితం గరుకులో ముద్దలుగా పేరుకుంటుంది. విసిగిపోయి మెషీను పెడితే పాలిష్‌తో పాటు చెక్కా పోతుంది. అప్పుడే కోసిన టేకు రంగు ఒక తీరుగా ఉండదు, అక్కడక్కడా పచ్చదనం కూడా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి వెలుతురూ గాలీ తగిలాక అది తేనె రంగుకు తిరుగుతుంది. ఆ రంగు ఉండేది పైపొరలోనే. దాన్ని గీకి పారేస్తే ఏ దుకాణంలోనూ కొనలేం. డబ్బా రంగు పూసి అలాంటి ఛాయ తెద్దామనుకుంటే చారలు మూసుకుపోతాయి. అందుకే పాలిష్ మొత్తం పోవాలి, చెక్క వీలైనంత తక్కువ పోవాలి. ఈ పాఠం అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

మీ బల్ల మీద ఉన్నది ఏ పాలిష్? ఈ ప్రశ్నకు జవాబు దొరికేదాకా పనిముట్టు ముట్టుకోవద్దు.

కాలి లోపలివైపు, ఎవరి కంటా పడని చోటు ఎంచుకోండి. ముందు టర్పెంటైన్ తడిపిన గుడ్డతో జిడ్డు తుడవండి. వంటింటికి దగ్గరగా ఉన్న బల్ల మీద నూనె పొర ఉంటుంది, అది ఉంటే పరీక్ష తప్పుతుంది. ఆరాక, పెయింట్ల దుకాణంలో అమ్మే పాలిష్ స్పిరిట్‌లో చిన్న దూది ఉండ ముంచి ఆ చోట ఒక నిమిషం అదిమి పట్టండి. దూది అంటుకుపోయి గోధుమ రంగు తేలితే అది లక్క పాలిష్. ఏ మార్పూ లేకపోతే మరో దూదితో ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ పెట్టి చూడండి. దానికి మెత్తబడితే ఎన్.సి. లాకర్. రెండింటికీ చలించకపోతే చాలావరకు మెలమైన్, లేదా పీయూ (పాలీయురెథేన్) పాలిష్. వరస మార్చవద్దు. థిన్నర్ లక్కను కూడా కొంత మెత్తబరుస్తుంది కాబట్టి, దాన్ని ముందు పెడితే రెండింటికీ తేడా తెలియదు.

ఈ పరీక్ష ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే మిగతా పాఠం తేలిక. లక్క ఒక పురుగు విడిచే బంక. మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద ఆ పురుగును పెంచుతారు, మన దేశంలో ఈ పంటకు పెద్ద పేరు జార్ఖండ్‌ది. ఏటికొప్పాక బొమ్మల నునుపు కూడా ఆ లక్కదే. దాన్ని స్పిరిట్‌లో కరిగించి పూస్తే స్పిరిట్ ఆవిరై పలచని పొర మిగులుతుంది. ఆరేటప్పుడు లక్క స్వభావం పెద్దగా మారదు, అందుకే ఎన్నో ఏళ్ల తరవాత కూడా స్పిరిట్ తగిలితే మళ్లీ కరుగుతుంది. మెలమైన్, పీయూ అలా కావు. గట్టిపడే మందు కలిపి పూస్తారు, ఆరేటప్పుడు రసాయన చర్య జరిగి పొర అంతా ఒకే వలగా అల్లుకుంటుంది. ఆ వలను స్పిరిట్ విప్పలేదు.

లక్క అని తేలితే మీ అదృష్టం. పొర బాగానే ఉండి, వేడి గిన్నెలు పెట్టిన తెల్లని వలయాలు మాత్రమే ఉంటే పాలిష్ తీయనే అక్కర్లేదు. ఆ తెలుపు పొరలో చిక్కిన తేమ. మెత్తని నూలు గుడ్డకు స్పిరిట్ తడి తగిలీ తగలనట్టు అద్ది, ఆపకుండా వలయం మీద తేలిగ్గా రెండు మూడు సార్లు లాగండి. లక్క కొద్దిగా కరిగి తేమను వదిలేస్తుంది. ఒక్క చోట గుడ్డ ఆగితే మాత్రం అక్కడ మచ్చ పడుతుంది.

పొర పగిలి, నల్లబడి ఉంటే మొత్తం తీయాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు చోటు మాత్రమే తీసుకోండి. స్పిరిట్ బాగా పట్టించిన గుడ్డ పరచి, త్వరగా ఆవిరి కాకుండా పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, ఐదు నిమిషాలు ఆగండి. గుడ్డ ఎత్తి, గిన్నెలు తోమే పచ్చ పీచుతో చెక్క చారల వెంబడి తోమి, వెంటనే పొడి గుడ్డతో తుడవండి. గుడ్డ గోధుమ రంగుకు తిరగగానే కొత్తది అందుకోవాలి, లేకపోతే తీసిన పాలిష్‌నే మళ్లీ పూసినట్టవుతుంది. ఇనుప పీచు వద్దు. దాని తునకలు చెక్క రంధ్రాల్లో చిక్కి, తరవాత తడి తగిలితే నల్లని చుక్కలవుతాయి. అమెరికాలో సెకండ్ హ్యాండ్ ఓక్ బల్ల కొనుక్కుని ఈ పాఠాలు చదువుతున్నవారు ఇది మరీ గుర్తుంచుకోవాలి, ఓక్‌లో టానిన్, అంటే ఇనుముతో కలిస్తే నల్లబడే పదార్థం, ఎక్కువ.

స్పిరిట్, థిన్నర్ రెండూ చప్పున అంటుకుంటాయి. పక్క గదిలో దేవుడి దీపం కూడా వెలగకూడదు. తడి గుడ్డలు ఆరుబయట విడివిడిగా ఆరేయండి. ఎన్.సి. లాకర్‌కు పద్ధతి ఇదే, స్పిరిట్ స్థానంలో థిన్నర్.

మెలమైన్, పీయూలకు రెండు దారులు: రిమూవర్ (పొరను మెత్తబరిచి ఊడదీసే రసాయనం), గీకుడు. రిమూవర్ కొంటే డబ్బా మీద మిథిలీన్ క్లోరైడ్ ఉందేమో చదవండి. ఆ ఆవిరి మూసిన గదిలో ప్రాణం తీసింది. అమెరికాలో 2019లో ఇళ్లలో వాడే రిమూవర్ల నుంచి దాన్ని నిషేధించారు. నేనైతే గీకుడే చెబుతాను. కాస్టిక్ సోడా సలహా ఎవరైనా ఇస్తే వినవద్దు. అది టేకును నల్లబరుస్తుంది, కిందటి పాఠంలో మనం వేసిన అతుకులను కూడా వదులు చేస్తుంది.

గీకడానికి చాలామంది వడ్రంగులు పగిలిన గాజు పెంకు వాడతారు. పదును బాగుంటుంది, చేతికి ప్రమాదం. ఉక్కు పలక మేలు. పాత చేతి రంపం రేకు నుంచి అరచేతి పొడవు ముక్క కోయించండి. దాని అంచును ఆకురాయితో చదునుగా, నిలువుగా రాయండి. తరవాత స్క్రూడ్రైవర్ కడ్డీని ఆ అంచు మీద గట్టిగా అదిమి, కొంచెం పక్కకు వంచి రెండు మూడు సార్లు లాగండి. అంచు కొన మీద కంటికి ఆనని చిన్న కొక్కెం లేస్తుంది, వేలిగోరు తగిలిస్తే తెలుస్తుంది. కోసేది ఆ కొక్కెమే. రెండు చేతులతో పలకను పట్టుకుని, బొటనవేళ్లతో మధ్యలో కొద్దిగా వంచి, ముందుకు వాల్చి తోయండి. పల్చని పొరలు చుట్టలు చుట్టుకుని వస్తే సరిగ్గా సాగుతున్నట్టు. పొడి రాలుతుంటే కొక్కెం అరిగింది, మళ్లీ పదును పెట్టుకోవాలి.

గీకే ముందు ఒక్క సంగతి చూడాలి. బల్ల అంచున పలక మందం కనిపించే చోట, పైనున్న చారలు అంచు మీదికి కొనసాగుతున్నాయా? కొనసాగితే అది లోపలిదాకా అసలు చెక్కే. అంచున వేరే పట్టీ అతికించి ఉండి, అడుగున ప్లైవుడ్ పొరలు కనిపిస్తే పైనున్నది వినీర్, అంటే అతికించిన పలచని చెక్క పొర. దాని మందం చాలాసార్లు అర మిల్లీమీటరు దాటదు. దానికి గీకుడు పనికిరాదు, రిమూవరే గతి. వినీర్ ఇప్పటికే లేచి చిరిగి ఉంటే పైపలక మీద ఆశ వదులుకుని ఆరో పాఠం దాకా ఆగండి. కాళ్లు తగ్గించి హాల్లోకి చిన్న బల్లగా, పైన పలకరాళ్లు పరిచి మార్చుకునే పద్ధతి అక్కడ చెబుతాను.

బల్ల మీద పాలిష్ బదులు పాత ఎనామిల్ రంగు ఉంటే పొడిగా రుద్దనే కూడదు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల భాగాలకు 90కి మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పూసిన రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, ఆ దుమ్ము పిల్లల మెదడుకు చేటు. రిమూవర్‌తో తడిగా ఉండగానే తీసి, చెత్తను సంచిలో మూట కట్టండి.

ఇప్పుడు మరకలు. మన ఇళ్లలో మొదటిది పసుపు. సబ్బు, సోడా పెట్టారంటే అది ఎర్రబడుతుంది, పసుపులో సున్నం కలిపి పారాణి చేసేది అందుకే కదా. స్పిరిట్‌తో తుడిస్తే కొంత వస్తుంది. మిగిలినదాన్ని వెలుతురు తినేస్తుంది. పలకను ఎండ పడే కిటికీ దగ్గర కొన్నాళ్లు ఉంచండి, పసుపు తనంతట తానే వెలిసిపోతుంది. మండుటెండలో ఆరుబయట పెడితే మాత్రం పలక వంకరపోతుంది.

నల్లని వలయాలు వేరు. ఇనుప మూకుడు అడుగున చేరిన నీళ్లు, చెక్కలోని టానిన్ కలిస్తే పుట్టే మరక అది, లోతుకు దిగుతుంది. రుద్ది తీయాలనుకుంటే గుంట పడుతుంది. ఆక్జాలిక్ ఆమ్లం తెచ్చుకోండి, పాలరాయి శుభ్రం చేసేవారు వాడతారు. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాలు, ప్లాస్టిక్ గిన్నెలో, చేతికి తొడుగులతో కలపాలి. మచ్చ మీద మాత్రమే పూస్తే అక్కడ పాలిపోయి కనిపిస్తుంది, పలక మొత్తం పూయండి. మచ్చ పోయాక మంచి నీళ్లతో రెండు మూడు సార్లు తుడిచి రెండు రోజులు ఆరనివ్వండి. ఇది విషం. సరిగా కడగని పలకను రుద్దితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

ఉప్పు కాగితం పని చివర్న, తక్కువే. 120 నంబరుతో మొదలుపెట్టి, 180, చివర 220. లోతైన గీతలుంటేనే 80. చదునైన చెక్క ముక్కకు పాత హవాయి చెప్పు అడుగు అతికించి, దానికి కాగితం చుట్టండి. వేళ్లతో నేరుగా రుద్దితే వేలి గుంటలు పడతాయి. రుద్దే ముందు పలక అంతా పెన్సిలుతో తేలిగ్గా అడ్డగీతలు గీయండి. అవన్నీ చెరిగేదాకా చారల వెంబడి రుద్దితే, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కాకుండా వస్తుంది. నంబరు మారినప్పుడల్లా మళ్లీ గీతలు. 220 ముందు తడి గుడ్డతో ఒకసారి తుడిచి ఆరబెట్టండి. పడుకున్న నూగు లేస్తుంది, దాన్ని 220 కోసేస్తుంది. ఇప్పుడు లేవనివ్వకపోతే మొదటి పూతకే లేచి పలక గరుకెక్కుతుంది. చెక్క పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది, ఎన్95 మాస్కు లేకుండా రుద్దవద్దు.

అయిందనిపించాక గదిలో దీపాలు ఆర్పి, టార్చిని పలకకు ఆనించినట్టు పట్టి పక్కనుంచి వెలుగు వేయండి. అడ్డంగా పడిన ప్రతి గీతా నీడతో కనిపిస్తుంది. స్పిరిట్ గుడ్డతో ఒకసారి తడిపినా తెలిసిపోతుంది, పాలిష్ పడ్డాక చెక్క ఎలా ఉంటుందో ఆ నాలుగు క్షణాలు చూడవచ్చు.

వచ్చే పాఠం దాకా బల్ల మీద భోజనం వద్దు. పాలిష్ లేని చెక్క ఆవకాయ నూనెను పీల్చేసుకుంటుంది. ప్లాస్టిక్ కాకుండా నూలు దుప్పటి కప్పండి, పలకకు రెండు వైపులా గాలి ఆడాలి. బల్ల అడుగున అరచేయంత చోటు కూడా ఇదే వరసలో 220 దాకా రుద్ది సిద్ధంగా ఉంచుకోండి. నూనె, వార్నిష్, పీయూ మూడూ ముందు అక్కడ పూసి చూసుకుంటాం.