కడుపుతో ఉన్న మనిషి కింద పడితే "ఏం కాలేదు" అనకండి

వానలు మొదలయ్యాయి. రోడ్డు మీద గుంతల్లో నీళ్ళు నిలిచాక ఏది ఎంత లోతో ఎవరికీ తెలియదు. పోయిన వారం మా క్యాజువాల్టీకి ఏడో నెల అమ్మాయిని తీసుకొచ్చారు. బండి గుంతలో దిగితే వెనక నుంచి జారి పడిందట, అదీ ముందురోజు సాయంత్రం. మోచెయ్యి గీసుకుపోయింది, దానికి పసుపు అద్ది ఉంది. "రక్తం కనపళ్ళేదు మేడమ్, బిడ్డ కూడా కదిలింది, అందుకే ఇంటికెళ్ళిపోయాం" అన్నాడు భర్త. పొట్ట మీద చెయ్యి వేస్తే చెక్కలా ఉంది. డాప్లర్ అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు వెతికాను. గుండె చప్పుడు దొరకలేదు. తల్లి మాత్రం దక్కింది.

హెల్మెట్ గురించీ వేగం గురించీ అందరూ చెబుతారు, నేను చెప్పను. ఇన్నేళ్ళ డ్యూటీలో నేను చూసినంతలో కొంపలు ముంచింది ఒకటే మాట: "ఏం కాలేదులే, ఇంటికి పోదాం."

గర్భసంచి కండరం, సాగుతుంది. సంచికి అతుక్కుని బిడ్డకి తల్లి నుంచి తిండీ గాలీ అందించే మాయ అలా సాగదు. పడ్డ కుదుపుకి సంచి గోడ ఒక్కసారిగా లాగితే అతుక్కున్న మాయ ఊడుతుంది. ఆ రక్తం బయటికే రావాలని లేదు, మాయ వెనకే గడ్డకట్టి ఉండిపోవచ్చు. చీరకి మరక లేదంటే లోపల బాగుందని కాదు. స్కానింగ్‌లో బాగుందన్నారు కదా అంటారు. మాయ ఊడటం స్కానింగ్‌కి చాలాసార్లు దొరకదు. బీపీ బాగుందన్నా నమ్మకండి. నెలలు నిండేసరికి తల్లి ఒంట్లో రక్తం దాదాపు సగం పెరిగి ఉంటుంది, మూడో వంతు పోయినా బీపీ పడకపోవచ్చు. ఈలోపు ఒళ్ళు తనని తాను కాపాడుకోవడానికి బిడ్డకి వెళ్ళే రక్తాన్నే ముందు తగ్గిస్తుంది.

అందుకని 5 నెలలు దాటాక పడినా, పొట్టకి దెబ్బ తగిలినా ఆస్పత్రికి రావాల్సిందే. ఒకసారి గుండె చప్పుడు విని పంపించేస్తామంటే ఊరుకోకండి. కనీసం 4 గంటలు మిషన్ పెట్టి బిడ్డ గుండెనీ, పొట్ట బిగుసుకోవడాన్నీ చూడాలి. నొప్పులు, రక్తం, ఉమ్మనీరు కారడం, వీటిలో ఏది ఉన్నా 24 గంటలు.

దారిలో: 108కి ఫోన్ చేసి ఎన్నో నెలో ముందే చెప్పండి. వెల్లకిలా పడుకోబెట్టకండి. గర్భసంచి బరువు వెనకున్న పెద్ద రక్తనాళం మీద పడి తల్లికి కళ్ళు తిరుగుతాయి. ఎడమ పక్కకి తిప్పండి. మెడకో వెన్నుకో దెబ్బ ఉందని అనుమానమైతే మనిషిని తిప్పకుండా, పడుకోబెట్టిన బల్లనే ఎడమకి వంచి కుడి పక్క కింద దుప్పటి మడిచి పెట్టాలి. రోడ్డు పక్కన జాలిపడి సోడా పట్టిస్తారు, వద్దు. ఆపరేషన్ కావలసి వస్తే ఆ సోడాయే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఆస్పత్రిలో: అవసరమైన ఎక్స్‌రేని, సీటీని బిడ్డ పేరు చెప్పి ఆపకండి. తల్లి నిలబడితేనే బిడ్డ. ధనుర్వాతం ఇంజెక్షన్ కడుపుతో ఉన్నా వేయించవచ్చు. రక్తం గ్రూపు నెగెటివ్ అయితే 72 గంటల్లోపు వేయాల్సిన యాంటీ-డి ఇంజెక్షన్ గురించి అడగండి, మేము మరిచిపోయినా మీరు మరవకండి. రక్తస్రావం ఉంటే స్కానింగ్‌లో మాయ ఎక్కడుందో తెలిసేదాకా లోపలి పరీక్ష చేయనివ్వకండి.

ఎంసీపీ కార్డు, అదే కడుపుతో ఉన్నప్పుడు ఇచ్చే తల్లీబిడ్డల కార్డు, పర్సులోనే ఉంచండి.

కారులో బెల్టు పొట్ట మీద కాదు, పొట్ట కింద, తొడల మీదుగా.

బండి మీద ఒక పక్కకి కూర్చోకండి. కొంగు చక్రంలో పడకుండా దోపుకోండి.

బాత్రూంలో జారిందన్న ప్రతి కేసూ జారిన కేసు కాదు. భర్తనీ అత్తగారినీ బయటికి పంపి అడగండి. నర్సులకి చెబుతున్నాను ఇది.

పడ్డ టైము రాసుకోండి.

బిడ్డ కదులుతోంది కదా అని ఇంటికి పోకండి. మరక లేదు కదా అని పోకండి. పొద్దున చూద్దాం అనకండి. పెద్దావిడ "మా రోజుల్లో..." అని మొదలుపెడితే వినండి, ఆటోలో కూర్చున్నాక.