వాచ్ దారి తప్పిస్తోందా? అప్‌డేట్, రూట్ సమస్యలు - పరిష్కారాలు

నల్లగొండ గడియారం సెంటర్ నుంచి పానగల్ ఉదయసముద్రం కట్ట దాకా తెల్లారకముందే ఉరికే బ్యాచ్ మాది. కట్ట ఎక్కి ఊపిరి తీసుకునేలోపు జీపీఎస్ వాచ్ కట్టిన ఎవరిదో ఒకరి మణికట్టు నా ముఖం ముందుకు వస్తుంది. "అన్నా, కట్ట మీదనే ఉరుకుతున్న గద, దారి తప్పినవ్ అంటదేంది?"

నేను వాచ్‌ల మెకానిక్‌ను కాను. నా వాచ్‌తో పడ్డ తిప్పలే నా చదువు. ఇలా నా దగ్గరికి వచ్చిన వాటిలో వాచ్ నిజంగా చెడిపోయినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ ముందురోజు రాత్రి ఇంట్లోనే మొదలైనవి. రూట్ గీసిన తీరో, సింక్ కాని ఫోనో, పడుకోబోతూ నొక్కిన అప్‌డేట్ బటనో కారణమై ఉంటుంది. మెనూ పేర్లు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి కానీ లోపల జరిగేది దాదాపు ఒకటే.

దారి మీదే ఉన్నా "దారి తప్పారు" అంటోంది

ఫోన్ యాప్‌లో గీసి మీరు పంపిన రూట్ వాచ్‌కు వరుసగా పేర్చిన చుక్కలు మాత్రమే. మీరు ఏ చుక్కకు దగ్గరగా ఉన్నారో చూసుకుని, ఇంకెంత దూరం ఉందో చెబుతుంది. మా పానగల్ రూట్‌లో పోయేదీ వచ్చేదీ ఒకే రోడ్డు. పోయే చుక్కలు, వచ్చే చుక్కలు ఒకదాని మీద ఒకటి పడతాయి. జీపీఎస్ ఎలాగూ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. దాంతో మీరింకా పోతుండగానే వాచ్ మిమ్మల్ని తిరుగు దారిలో వేసేస్తుంది. మిగిలిన దూరం ఉన్నట్టుండి పడిపోయినా, వెనక్కి తిరగమన్నా ఇదే జరిగిందని అనుకోవచ్చు.

పోయే దారి ఒక్కటే రూట్‌గా పెట్టుకోండి. చేరాక దాన్ని ఆపేసి, మొదలుపెట్టిన చోటికి తీసుకుపోయే ఆప్షన్ వాడండి. చుట్టు తిరిగి వచ్చే రూట్ గీసుకుంటే ఇంకా మంచిది. మేమిప్పుడు కట్ట మీంచి పోయి ఛాయా సోమేశ్వరాలయం వైపు నుంచి తిరిగొస్తున్నాం. ఆ గొడవే లేదు.

ఇంకో కారణం నాకు అనుభవం మీద తెలిసింది. దేవరకొండ రోడ్డు పక్క పల్లెల్లోంచి 18 కిలోమీటర్ల రూట్ గీసుకున్నాను. ఒకచోట గీత నన్ను నేరుగా బత్తాయి తోటలోకి పంపింది. ఎదురుగా ముళ్లకంప, దాని వెనక రెండు కుక్కలు. వాచ్ మాత్రం ఇంకో 400 మీటర్లు ముందుకే పొమ్మంటోంది. ఇంటికొచ్చి చూస్తే, యాప్‌లో రోడ్డు వెంట గీసే సెట్టింగ్ ఆఫ్‌లో ఉంది. నేను పెట్టిన రెండు చుక్కల మధ్య అది తిన్నగా గీత లాగేసింది. రూట్ సేవ్ చేసే ముందు శాటిలైట్ వ్యూలో పెట్టి, మొదటి నుంచి చివరిదాకా వేలితో జరుపుతూ ఒకసారి చూడండి. బత్తాయి తోటలు చెట్ల వరుసలతో పైనుంచి ఇట్టే తెలిసిపోతాయి.

మలుపు వచ్చినా వాచ్ నోరు విప్పదు

స్క్రీన్ మీద గీత ఉంటుంది, మలుపు దగ్గర వైబ్రేషన్ రాదు. వాట్సాప్‌లో ఎవరో పంపిన జీపీఎక్స్ (రూట్‌ను దాచే ఒక రకం) ఫైల్ వాడారా? అందులో మామూలుగా ఉండేది ట్రాక్ ఒక్కటే, అంటే అక్షాంశాలు, రేఖాంశాలు, ఎత్తు. ఇక్కడ ఎడమకు తిరగాలన్న మాట చాలా ఫైళ్లలో ఉండదు. మ్యాప్ ఉన్న కొన్ని వాచ్‌లు మలుపులు తామే లెక్కగడతాయి. మ్యాప్ లేని వాటికి ఆ సౌకర్యం లేదు.

రూట్ గీసిన వాళ్లను టీసీఎక్స్ ఫైల్ గానీ ఫిట్ ఫైల్ గానీ పంపమనండి. ఆ రెండు ఫార్మాట్లలో మలుపు సూచనలకు చోటుంది. జీపీఎక్స్ తప్ప వేరే దిక్కు లేకపోతే దాన్ని రూట్ ప్లానర్‌లో తెరిచి, అదే గీత మీద మీరే మళ్లీ రూట్ గీసి పంపుకోండి. పది నిమిషాల పని.

పక్క ఊరికి ఊళ్లన్నీ తిప్పుతోంది

చాలా వాచ్‌లు, రూట్ యాప్‌లు వాడే మ్యాప్‌కు ఆధారం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. దాన్ని వలంటీర్లు గీస్తారు. మన పల్లెల్లో డొంకలు, బండ్ల బాటలు చాలాచోట్ల అసలు గీసే ఉండవు. గీసిన చోట ఇంకో తిరకాసు ఉంటుంది. బాట తారు రోడ్డును తాకినట్టే కనిపిస్తుంది, కానీ బాగా జూమ్ చేస్తే మధ్యలో వెంట్రుకవాసి సందు. రెండు గీతలకూ ఉమ్మడి చుక్క లేకపోతే సాఫ్ట్‌వేర్ లెక్కలో అక్కడ దారే లేదు. అందుకే కిలోమీటరు దూరంలో ఉన్న ఊరికి హైవే ఎక్కించి చుట్టూ తిప్పుతుంది.

ఉచితంగా అకౌంట్ తెరిచి ఆ రెండు గీతలను మీరే కలపొచ్చు. అయితే ఆ దిద్దుబాటు మీ వాచ్‌లోకి రావాలంటే యాప్ వాళ్లు, వాచ్ కంపెనీ వాళ్లు తమ మ్యాప్‌లను కొత్తగా తయారుచేయాలి. అందాకా ఆ ముక్క వరకు రోడ్డు వెంట గీసే సెట్టింగ్ ఆపేసి చేత్తో గీసుకోండి. నన్ను బత్తాయి తోటలో ముంచిన సెట్టింగే ఇక్కడ పనికొస్తుంది.

ఎంతసేపు నిలబడ్డా జీపీఎస్ దొరకదు

ఫోన్‌తో సింక్ అయినప్పుడల్లా వాచ్ రాబోయే రోజుల్లో ఉపగ్రహాలు ఎక్కడెక్కడ ఉంటాయో చెప్పే ఫైల్‌ను దించుకుంటుంది. అందుకే ఊళ్లో ఉన్నప్పుడు క్షణాల్లో సిగ్నల్ అందుతుంది. సింక్ చేయక ఆ ఫైల్ గడువు తీరితే, వాచ్ ఆ వివరాలను నేరుగా ఉపగ్రహం నుంచే వినాలి. ఒక్కో జీపీఎస్ ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి పంపుతుంది. మొత్తం ఉపగ్రహాల పట్టిక అందాలంటే 12.5 నిమిషాలు కావాలి. ఈలోపు మీరు చెట్ల కింద అటూ ఇటూ నడుస్తుంటే మధ్యలో తెగి మళ్లీ మొదటికొస్తుంది.

నల్లమలకు పోయేవాళ్లకు ఇది బాగా తగులుతుంది. మన్ననూరు దాటాక చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి రూట్, మ్యాప్, సింక్ అన్నీ అచ్చంపేటలోనే ముగించుకోవాలి. సలేశ్వరం జాతరకు లోయలోకి దిగేటప్పుడు ఫైల్ తాజాగా ఉన్నా వాచ్‌లో మీరు నడిచిన గీత గోడలెక్కుతుంది. ఆకాశం సన్నని పట్టీలా మిగులుతుంది, సిగ్నల్ రాతి గోడలకు కొట్టుకుని ఆలస్యంగా చేరుతుంది. ఉపగ్రహాలు పంపే ఎల్1, ఎల్5 అనే రెండు సిగ్నల్ బ్యాండ్లనూ పట్టే వాచ్ అయితే ఆ మోడ్ పెట్టండి, చార్జింగ్ మాత్రం త్వరగా తరుగుతుంది. ఇంకొక మాట. అది అమ్రాబాద్ పులుల అడవి. యాప్‌లో ఎవరో నడిచిన గీత ఉంది కదా అని అటవీ శాఖ అనుమతి లేని దారిలో దిగకండి.

ఈ ఉపగ్రహ ఫైల్ చిన్నదే కానీ అది చెడితే ఏమవుతుందో 2025 జనవరి 28న ప్రపంచమంతా చూసింది. గార్మిన్ కంపెనీ వాచ్‌లు చాలా మోడళ్లు స్క్రీన్ మీద నీలం త్రికోణం దగ్గర ఆగిపోయి రీస్టార్ట్ అవుతూ ఉండిపోయాయి. అప్పుడు చాలామంది కొత్త అప్‌డేట్‌ను తిట్టుకున్నారు. అసలు కారణం ఆ ఫైలే. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపి, మళ్లీ ఆన్ చేసి ఫోన్‌తో సింక్ చేస్తే చాలావాటికి సర్దుకుంది.

అప్‌డేట్ రాదు, వస్తే సగంలో ఆగుతుంది

మీ తమ్ముడి వాచ్‌కు వచ్చి మీకు రాలేదంటే టెన్షన్ పడొద్దు. కంపెనీలు ముందు కొద్దిమందికి వదిలి, గొడవ లేదనుకున్నాక మిగతావాళ్లకు ఇస్తాయి. ఆగడమే మేలు.

సగంలో ఆగితే ముందు ఫోన్‌ను అనుమానించండి. మన దగ్గర ఎక్కువగా నడిచే ఆండ్రాయిడ్ ఫోన్లు చార్జింగ్ మిగల్చడానికి వెనక నడిచే యాప్‌లను చంపేస్తాయి. సెట్టింగ్స్‌లో మీ వాచ్ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేయండి. వైఫై మీద ప్రయత్నిస్తే రౌటర్‌లో, హాట్‌స్పాట్‌లో 2.4 గిగాహెర్ట్జ్ ఆన్ చేయండి, చాలా వాచ్‌లకు 5 గిగాహెర్ట్జ్ కనబడదు. వాచ్‌లో పాటలు నిండిపోయి చోటు లేకపోయినా ఇంతే. ఎంతకీ కాకపోతే, మీ వాచ్‌కు కంప్యూటర్ ప్రోగ్రాం ఉంటే కేబుల్‌తో పెట్టండి. కేబుల్ దారి నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు.

అప్‌డేట్ అయ్యాక చార్జింగ్ గబగబా దిగుతుంటే ఒకసారి రీస్టార్ట్ చేసి, జీపీఎస్ మోడ్, స్క్రీన్ ఎప్పుడూ వెలిగే సెట్టింగ్ మారాయేమో చూడండి. రెండు రోజులు ఆగి అప్పుడు తిట్టండి. పరుగు పందెం వారంలో మాత్రం అప్‌డేట్ జోలికి పోకండి. ఒకసారి ముందురోజు రాత్రి పదకొండింటికి నొక్కి, పొద్దున్నే రూట్ మాయమైతే స్టార్ట్ లైన్ దగ్గర పక్కవాడి ఫోన్ నుంచి ఇంటర్నెట్ అడుక్కున్నాను.

చిల్లర బాధలు

వాన ముసురు పడితే గాలి పీడనం తగ్గుతుంది, వాచ్ మాత్రం మీరు గుట్ట ఎక్కారనుకుంటుంది. పీడనం ఒక హెక్టోపాస్కల్ (దాన్ని కొలిచే యూనిట్) తగ్గితే దాదాపు 8 మీటర్లు ఎక్కినట్టు. ఎత్తు సరిచేయడానికి రైల్వే స్టేషన్ పసుపు బోర్డును మించింది లేదు, పేరు కింద సముద్ర మట్టం నుంచి ఎంత ఎత్తో రాసి ఉంటుంది. ప్లాట్‌ఫాం మీద నిలబడి అదే అంకె వాచ్‌లో పెట్టండి.

బోరు నీళ్లతో కడిగితే చార్జింగ్ పిన్నుల మీద, గాలి పోయే సన్నని రంధ్రం దగ్గర తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. తాగే నీళ్లతో కడిగి మెత్తటి బ్రష్‌తో తుడవండి. మే నెలలో కారులో వాచ్ చార్జింగ్ ఎక్కకపోతే కంగారు వద్దు. 45 డిగ్రీలు దాటితే చాలా వాచ్‌లు తామే ఆపేస్తాయి. నిలబడ్డప్పుడు మ్యాప్ గిర్రున తిరిగితే అది దిక్సూచి పని. అయస్కాంతం ఉన్న స్ట్రాప్ తీసి, గాలిలో 8 అంకె గీస్తూ సరిచేయండి.

ఫ్యాక్టరీ రీసెట్ అన్నిటికన్నా చివర. దానికి ముందు సింక్ కాని పరుగులను కేబుల్‌తో కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి, పోతే తిరిగి రావు.

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత వాచ్ తేదీ 19 ఏళ్లు వెనక్కి చూపిస్తే ఆ రీసెట్ కూడా పనిచేయదు. జీపీఎస్ వారాల లెక్క 1024 వారాలకోసారి, అంటే దాదాపు పందొమ్మిదిన్నర ఏళ్లకు, మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అది చివరిసారి 2019 ఏప్రిల్ 6న జరిగింది. కంపెనీ దానికి అప్‌డేట్ ఇచ్చి ఉంటే పెట్టుకోండి. ఇవ్వకపోతే దాన్ని స్టాప్‌వాచ్‌గా వాడుకోవడమే.