అమెరికా కాలేజీ ఫుట్‌బాల్: టీమ్ మారాలన్నా, ఇంకో సీజన్ ఆడాలన్నా దరఖాస్తు ఎలా?

ఇది అమెరికన్ ఫుట్‌బాల్ గురించి, అందులోనూ ఎన్‌సీఏఏ (అక్కడి కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) డివిజన్ 1, అంటే పై స్థాయి కాలేజీల గురించి. డివిజన్ 2, డివిజన్ 3, జూనియర్ కాలేజీల నిబంధనలు వేరు. అక్కడ ఉంటున్న తెలుగువాళ్ల పిల్లలెవరైనా ఈ దారిలో ఉంటే, ఇంట్లో పెద్దవాళ్లకు ఈ రూల్స్ మొదట్లో అయోమయంగానే ఉంటాయి. రూల్స్ ఇంచుమించు ఏటా మారడం అందుకు ఒక కారణం. ఇక్కడ రాసింది 2025-26 సీజన్ నాటి పద్ధతి.

ఇందులో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి, ఉన్న కాలేజీ వదిలి వేరే కాలేజీ టీమ్‌లో చేరడం. రెండోది, అర్హత అయిపోయిందని రూల్ చెబుతున్నా ఇంకో సీజన్ ఇవ్వమని అడగడం. రూల్ నుంచి ఇచ్చే ఇలాంటి మినహాయింపునే వేవర్ అంటారు. మొదటి పనికి ఆటగాడే కదలాలి. రెండోదానికి ఆటగాడు నేరుగా దరఖాస్తు చేసుకోలేడు, అతని తరఫున కాలేజీయే పెట్టాలి. ఈ తేడా తెలియకపోతే సరైన సమయంలో సరైన ఆఫీసుకి వెళ్లరు.

టీమ్ మారడానికి ఇప్పుడు వేవర్ కావాలా?

దాదాపుగా అక్కర్లేదు. ఒకప్పుడు మాత్రం అదే పెద్ద తలనొప్పి. 2018కి ముందు, వేరే కాలేజీ కోచ్‌లతో మాట్లాడాలంటే ఉన్న కాలేజీ అనుమతి కావాలి. మన దగ్గర ఫీజు బాకీ ఉందని టీసీ ఆపేసినట్టు, అక్కడ కోచ్‌కి ఇష్టం లేకపోతే ఆటగాడి దారి మూసుకుపోయేది. 2018 అక్టోబర్ 15న ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (టీమ్ మారాలనుకునేవాళ్ల పేర్లు ఉండే ఎన్‌సీఏఏ ఆన్‌లైన్ జాబితా) వచ్చాక ఆ అనుమతి అవసరం పోయింది. అయినా ఫుట్‌బాల్‌లో టీమ్ మారినవాడు ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాల్సిందే. 2021లో మొదటిసారి మారినప్పుడు వెంటనే ఆడొచ్చన్నారు, రెండోసారి మారితే మాత్రం వేవర్ అడగాల్సి వచ్చేది.

ఆ పద్ధతి ఎంత గజిబిజిగా ఉండేదో 2023లో టెజ్ వాకర్ విషయంలో బయటపడింది. ఈ రిసీవర్ (పాస్‌లు అందుకునే ఆటగాడు) మొదట నార్త్ కరొలైనా సెంట్రల్‌లో చేరాడు. కోవిడ్ వల్ల అక్కడ సీజనే జరగలేదు. తర్వాత కెంట్ స్టేట్‌లో ఆడి, నార్త్ కరొలైనాకి వచ్చాడు. ఒక్క మ్యాచ్ కూడా ఆడని కాలేజీని కూడా లెక్కలో వేసి, రెండోసారి మారాడంటూ వేవర్ నిరాకరించారు. అతను నాలుగు మ్యాచ్‌లు కోల్పోయాక, అక్టోబర్ 5న ఎన్‌సీఏఏ నిర్ణయం మార్చుకుంది. అదే ఏడాది డిసెంబర్‌లో ఒహాయో సహా ఏడు రాష్ట్రాలు వేసిన కేసులో వెస్ట్ వర్జీనియా ఫెడరల్ కోర్టు ఈ కూర్చోబెట్టే రూల్‌ని నిలిపివేసింది. 2024 ఏప్రిల్‌లో రూలే మారింది. చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చు.

పోర్టల్‌లో పేరు ఎక్కించుకునే పద్ధతి

పోర్టల్ అందరికీ తెరిచి ఉండే వెబ్‌సైట్ కాదు. ఆటగాడు లాగిన్ అయి తన పేరు తానే పెట్టుకోలేడు. తన కాలేజీ అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్‌లోని కంప్లయన్స్ ఆఫీస్‌కి (నిబంధనల అమలు చూసే విభాగం) రాతపూర్వకంగా చెప్పాలి. ఈమెయిల్ మేలు, తేదీ, టైమ్ రికార్డులో ఉంటాయి. కోచ్‌తో నోటిమాటగా చెప్పింది లెక్కలోకి రాదు. ట్రాన్స్‌ఫర్ వల్ల కలిగే పరిణామాలను వివరించే ఎన్‌సీఏఏ ఆన్‌లైన్ మాడ్యూల్ పూర్తి చేయమంటారు. ఆ తర్వాత రెండు పనిదినాల్లో కాలేజీ పేరు ఎక్కించాలి. వద్దనే అధికారం వాళ్లకి లేదు.

ఇదంతా విండోలోనే, అంటే అందుకు కేటాయించిన రోజుల్లోనే జరగాలి. ఇంతకు ముందు డిసెంబర్‌లో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి ఉండేవి. ఇప్పుడు ఏప్రిల్‌ది ఎత్తేసి ఒక్కటే ఉంచారు: 2026లో జనవరి 2 నుంచి 16 వరకు. హెడ్ కోచ్ వెళ్లిపోతే మినహాయింపు ఉంది. కొత్త కోచ్‌ని ప్రకటించిన ఐదు రోజుల తర్వాత, ఆ టీమ్ ఆటగాళ్లకు 15 రోజుల ప్రత్యేక విండో తెరుచుకుంటుంది.

విండో గడువు పోర్టల్‌లో పేరు ఎక్కడానికే, కొత్త కాలేజీని ఎంచుకోవడానికి కాదు. కానీ సంతోషపడే ముందు క్యాలెండర్ చూడండి. చాలా కాలేజీల్లో స్ప్రింగ్ సెమిస్టర్ జనవరి మధ్యలోనే మొదలవుతుంది. అడ్మిషన్, కోర్సుల రిజిస్ట్రేషన్ గడువు దాటిపోతే, సీటు ఇస్తామన్న కోచ్ కూడా ఏమీ చేయలేడు, స్ప్రింగ్ ప్రాక్టీస్ పోయినట్టే. కాబట్టి పోర్టల్ మెయిల్ పంపే రోజే ట్రాన్‌స్క్రిప్ట్ కోసం కూడా అడిగి పెట్టుకోవాలి.

పేరు ఎక్కాకే వేరే కాలేజీలు మాట్లాడాలి. అంతకు ముందు మాట్లాడితే నిబంధనల ఉల్లంఘన. ఏజెంట్ల ద్వారా ముందే బేరాలు జరుగుతాయన్నది అందరికీ తెలిసిన రహస్యమే. అయినా ఆ నోటిమాటలు నమ్మి పేరు ఎక్కించుకోవద్దని నా సలహా. ఎందుకంటే పేరు ఎక్కిన క్షణం నుంచీ, ఆ టర్మ్ అయ్యాక స్కాలర్‌షిప్ ఆపేసే హక్కు పాత కాలేజీకి వస్తుంది. తిరిగి తీసుకోవాలన్న నిబంధనేమీ లేదు. పైగా ఆటగాళ్లకు డబ్బు చెల్లింపులపై నడిచిన హౌస్ కేసులో సెటిల్‌మెంట్ తర్వాత, అందులో చేరిన కాలేజీల్లో టీమ్ సైజు 105 మందికే పరిమితమైంది. పోర్టల్‌లో పేరు పెట్టి, ఎక్కడా చోటు దొరకనివాళ్లు ఏటా కనిపిస్తున్నారు.

అదే సెటిల్‌మెంట్‌తో 2025 జూలై నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. డబ్బుతోపాటు కాంట్రాక్టూ వస్తుంది. మధ్యలో వెళ్లిపోతే ఎంత తిరిగి కట్టాలి అన్న షరతు అందులో ఉందేమో లాయర్‌తో చదివించుకోవాలి. 2024 డిసెంబర్‌లో విస్కాన్సిన్ ఆటగాడు జేవియర్ లూకస్ పోర్టల్‌లో పేరు పెట్టమంటే, డబ్బు పంపిణీ ఒప్పందంపై సంతకం చేశాడంటూ ఆ యూనివర్సిటీ పెట్టలేదు. అతను అక్కడ చదువు మానేసి, పోర్టల్ ఊసు లేకుండానే మయామీలో విద్యార్థిగా చేరి ఆడాడు. దాన్ని నిబంధనలు అడ్డుకోవని ఎన్‌సీఏఏ కూడా చెప్పింది. విస్కాన్సిన్ మాత్రం మయామీ మీద కేసు వేసింది. ఈ దారి ఉంది కదా అని ఎవరికీ సిఫార్సు చేయను. అతని వెనక లాయర్ ఉన్నాడు.

చదువు లెక్క

వెంటనే ఆడాలంటే పాత కాలేజీని వదిలే నాటికి చదువులో అర్హత ఉండాలి, క్రమశిక్షణ సస్పెన్షన్ ఉండకూడదు, కొత్త చోట డిగ్రీ వైపు తగినంత పురోగతి కనిపించాలి. మామూలు లెక్క: మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60, ఐదో ఏడాదికి 80 శాతం పూర్తవ్వాలి. ఫుట్‌బాల్‌లో అదనంగా, ఫాల్ సెమిస్టర్‌లో 9 క్రెడిట్లు పాసవ్వకపోతే వచ్చే సీజన్‌లో మొదటి నాలుగు మ్యాచ్‌లకు దూరం పెట్టే రూల్ ఒకటుంది.

చిక్కు ఎక్కడంటే, కొత్త కాలేజీ ఏ క్రెడిట్లు ఒప్పుకుంటుంది, అవి ఏ డిగ్రీకి లెక్కకొస్తాయి అన్నది. పాత చోట 70 క్రెడిట్లు ఉన్నా, కొత్త మేజర్‌కి 45 మాత్రమే పనికొస్తే శాతం పడిపోతుంది. సంతకం చేయకముందే క్రెడిట్ల మూల్యాంకనం రాతపూర్వకంగా తెప్పించుకోండి. కోచ్ భరోసా కన్నా రిజిస్ట్రార్ కాగితం ముఖ్యం.

ఇంకో సీజన్ కోసం వేవర్

డివిజన్ 1 మూల సూత్రం: ఐదేళ్లలో నాలుగు సీజన్లు. మొదటిసారి ఏ కాలేజీలోనైనా ఫుల్‌టైమ్ విద్యార్థిగా చేరిన రోజు నుంచి ఐదేళ్ల లెక్క మొదలవుతుంది. ఆడినా ఆడకపోయినా, గాయమైనా, ఆగదు. ఒక సీజన్‌లో నాలుగు మ్యాచ్‌ల వరకే ఆడితే ఆ సీజన్ లెక్కకు రాదు, దాన్నే రెడ్‌షర్ట్ అంటారు. ఫుట్‌బాల్‌లో 2018 నుంచి ఈ వెసులుబాటు ఉంది.

గాయాలకు సంబంధించి రెండు రకాల దరఖాస్తులున్నాయి. ఒకటి మెడికల్ హార్డ్‌షిప్ వేవర్. సీజన్ మొదటి సగంలోనే గాయం కావాలి, అది మిగతా సీజన్ మొత్తాన్ని పోగొట్టాలి, అప్పటికి 30 శాతానికి మించి మ్యాచ్‌లు ఆడి ఉండకూడదు. 12 మ్యాచ్‌ల సీజన్‌లో అది 3.6, పైకి లెక్కేసి నాలుగు మ్యాచ్‌లు అవుతుంది. దీన్ని కాన్ఫరెన్స్ (ఆ కాలేజీ ఆడే లీగ్) ఆఫీస్ పరిశీలిస్తుంది. గమనిస్తే, నాలుగు మ్యాచ్‌ల రెడ్‌షర్ట్ రూల్ వల్ల ఫుట్‌బాల్‌లో ఆ సీజన్ ఎలాగూ మిగిలే ఉంటుంది. అప్పుడు ఆ మెడికల్ కాగితాలు అసలు పనికొచ్చేది రెండో దరఖాస్తుకే: ఐదేళ్ల గడువు పొడిగింపు, అంటే ఆరో ఏడాది.

దీనికి సాధారణంగా రెండు సీజన్లు ఆటగాడి చేతుల్లో లేని కారణాలతో పోయినట్టు చూపాలి. గాయం, అనారోగ్యం, కుటుంబంలో తీవ్రమైన కష్టం లాంటివి ఒప్పుకుంటారు. మార్కులు రాక అర్హత కోల్పోవడం, క్రమశిక్షణ చర్యలు ఒప్పుకోరు. ఎన్‌సీఏఏ ఆన్‌లైన్ వ్యవస్థలో కాలేజీ కంప్లయన్స్ ఆఫీసే దరఖాస్తు వేస్తుంది. గాయాల మీద గాయాలైతే ఎంతదాకా వెళ్లొచ్చో టైట్ ఎండ్ క్యామ్ మెక్‌కార్మిక్ చూపించాడు. 2016లో ఒరెగాన్‌లో చేరి, 2024లో మయామీ తరఫున తొమ్మిదో ఏడాది ఆడాడు.

కాగితాల్లో కీలకం, గాయమైన రోజుల్లోనే రాసిన వైద్య రికార్డు: చికిత్స చేసిన డాక్టర్ నోట్స్, స్కాన్ రిపోర్టులు, సర్జరీ వివరాలు, ఎప్పటిదాకా ఆడకూడదో రాసిన కాగితం. ఏళ్ల తర్వాత డాక్టర్‌ని బతిమాలి తెచ్చుకున్న లెటర్‌కి బరువు తక్కువ. టీమ్ మారినవాళ్లకి ఇంకో ఇబ్బంది. గాయం పాత కాలేజీలో అయితే రికార్డులు అక్కడే ఉంటాయి, ఆటగాడు సంతకం పెట్టిన అనుమతి పత్రం లేకుండా కొత్త కాలేజీకి ఇవ్వరు. పాత చోట సంబంధాలు చెడిపోకముందే ఒక పూర్తి సెట్ చేతిలో పెట్టుకోవడం తెలివైన పని. ఈ ఒక్క పని చేసి ఉంటే వేవర్ టెన్షన్ సగం తగ్గుతుంది.

నిరాకరిస్తే కాలేజీయే ఎన్‌సీఏఏ కమిటీకి అప్పీలు చేయాలి. అక్కడా కుదరకపోతే మిగిలేది కోర్టు. వాండర్‌బిల్ట్ క్వార్టర్‌బ్యాక్ డియెగో పావియా 2024 నవంబర్‌లో అదే చేశాడు. న్యూ మెక్సికో మిలిటరీ ఇన్‌స్టిట్యూట్ అనే జూనియర్ కాలేజీలో ఆడిన కాలాన్ని తన లెక్కలో కలపకూడదన్నాడు. డిసెంబర్ 18న టెనెసీలోని ఫెడరల్ కోర్టు అతనికి అనుకూలంగా తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. కొద్ది రోజులకే, అదే పరిస్థితిలో ఉన్న ఆటగాళ్లందరికీ 2025-26లో ఆడేలా ఎన్‌సీఏఏ ఒక ఏడాది వేవర్ ప్రకటించింది. పావియా 2025లో హైస్‌మన్ ట్రోఫీ (ఆ ఏటి మేటి కాలేజీ ఆటగాడికిచ్చే అవార్డు) ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు. ఇది చూసి ఎందరో కేసులు వేశారు. కొందరు గెలిచారు, కొందరు ఓడారు, కోర్టును బట్టి తీర్పు మారుతోంది.

ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లకు

ఫుట్‌బాల్‌లో వీళ్లు తక్కువే, ఎక్కువగా ఆస్ట్రేలియా నుంచి వచ్చే పంటర్లు (బంతిని దూరంగా తన్నే ఆటగాళ్లు). ఎమ్మెస్ చేస్తూ యూనివర్సిటీ మారిన తెలుగు విద్యార్థులందరికీ తెలిసిన సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) ట్రాన్స్‌ఫర్, కొత్త ఐ-20 (కాలేజీ ఇచ్చే వీసా పత్రం) వీళ్లకూ తప్పవు. పోర్టల్‌లో పేరు ఎక్కినంత మాత్రాన సెవిస్ రికార్డు కదలదు, అది ఇంటర్నేషనల్ ఆఫీస్‌లో విడిగా అడగాలి. కొత్త టీమ్ డబ్బు ఇస్తానంటే, అది వీసా నిబంధనల ప్రకారం ఉద్యోగం కిందకి వస్తుందేమో ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే సంతకం చేయాలి. అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఫర్వాలేదన్నా సరే.